మోతియు బుజ్జియు

కోనసీమలో కాలువగట్టు నానుకొనియున్న యొక గ్రామమున ఒక రైతు కుటుంబము నివసించుచుండెను. ఇంటి వెనుక రెండెకరముల కొబ్బరితోట, తోటకు ముందు పశువులపాక, పాకకు ఇవతల పెంకుటిల్లు. ఆ యింటికి కాపలా మోతి. అది నాటుజాతి కుక్క. దాని ఒడలు గోధుమవన్నె. మూతి మాత్రము వయస్సుచేత నెరసినది. పదియేండ్లుగా అది రాత్రివేళ తోటచుట్టును తిరిగి, తెల్లవాఱుసరికి వీథియరుగు ప్రక్కకు వచ్చి పండుకొనుచుండెను. ఒక వేసవి రాత్రి పశువులపాకకు నిప్పంటుకొన్నపుడు మొఱిగి, తలుపు గీఱి, ఇంటిల్లిపాదిని మేల్కొలిపినది మోతియే. ఆనాడు రెండు పాడియావులును ఒక పెయ్యయు దానివలననే ప్రాణములతో బయటపడెను. ఆ సంగతి ఊరివారందఱికిని తెలియును.

ఆ యింట తాత, ఆయన కుమారుడు, కోడలు, మనుమడు, మనుమరాలు ఉండిరి. మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఒకనాటి సాయంకాలము వాన కురియుచుండగా బడినుండి వచ్చుచున్న ఆ బాలునకు కాలువగట్టున పొదలలో సన్నని మూలుగు వినవచ్చెను. తొంగిచూడగా పిడికెడంత కుక్కపిల్ల చలికి వడకుచుండెను. దాని తల్లి ముందునాడు బాటపై బండిక్రింద పడి చనిపోయెనని దారిని పోవువారు చెప్పిరి. తోడి కూనలు కానరాలేదు. బాలుడు దానిని చొక్కాలో దాచుకొని యింటికి తెచ్చెను. దానికి అప్పటికి ఐదు వారములకంటె మించిన వయస్సు లేదు. ఇంటికి మరియొక కుక్క యెందులకని కోడలు గొణిగినది గాని, పాలలో మెత్తగా మెదిపిన అన్నము తెచ్చి దాని ముందు పెట్టినది కూడ ఆమెయే. మనుమరాలు దానికి బుజ్జి అని పేరు పెట్టెను.

మోతి ఆ కూనను తోకకొననుండి చెవికొన వఱకు వాసన చూచి, ఒకసారి తుమ్మి, తన దారిని తాను పోయెను. మూడవనాటికి కూన దాని వెంట నడువసాగెను. వారము గడచుసరికి రెండును పెరటిలో ఆడుకొనుచుండెను. మోతి నేలపై ప్రక్కకు ఒరిగి, పెద్ద నోరు తెఱచి, కూన తల నందులో పట్టి మెల్లగా విడిచెడిది. కూన దాని చెవి పట్టుకొని లాగెడిది. ఇది చూచుటకు ప్రక్కయింటి పిల్లలు కూడ వచ్చి గోడమీద వరుసగా కూర్చుండెడివారు.

నెల గడచెను. బుజ్జి కాళ్లకు బలము వచ్చెను. దంతములకు పదును వచ్చెను. మోతి నిద్రించుచున్న వేళ అది పరుగున వచ్చి దాని నడుముపైకి దుముకుట, వెనుకకాళ్లు కొఱుకుట, చెవి పట్టుకొని వ్రేలాడుట మొదలిడెను. మోతి మొదట మొగము ప్రక్కకు త్రిప్పుకొనెడిది. పిమ్మట లేచి వేఱొక చోటికి పోయెడిది. కూన అచ్చటికిని వచ్చెడిది. అప్పుడు మోతి పెదవి యెత్తి గుఱ్ఱుమనెడిది.

ఆ గుఱ్ఱు ఇంటివారికి నచ్చలేదు. పెద్దకుక్కకు పసికూనపై అసూయ పుట్టినదని కోడలు తలచెను. మోతి గుఱ్ఱుమనినప్పుడెల్ల ఆమె వంటయింటినుండి చీపురు చేతబట్టుకొని వచ్చి దానిని రెండు దెబ్బలు కొట్టి గదమాయించెడిది. పిల్లలును "ఛీ మోతీ!" అని కసరుకొనెడివారు. కూనను మాత్రము ఎత్తుకొని ముద్దాడెడివారు. పది పదునైదు దినములు ఇట్లు జరిగిన పిమ్మట మోతి గుఱ్ఱుమనుట మానివేసెను. దానికి బుద్ధి వచ్చినదని అందఱును సంతోషించిరి. అది తిండి సగము విడిచిపెట్టుటయు, పగటివేళ ఇంటి దాపునకు రాక కొబ్బరితోట చివరను పండుకొనుటయు ఎవరును పట్టించుకొనలేదు.

ఒక ఆదివారము మధ్యాహ్నము ఎండ మిక్కుటముగా నుండుటచే మోతి యింటిలోనికి వచ్చి నులకమంచము క్రింద పండుకొనెను. ఒక ప్రక్క గోడ, రెండవ ప్రక్క ధాన్యపు బస్తాలు. బుజ్జి మంచము క్రిందికి దూఱి దాని తుంటిపైకి దుమికెను. ఈసారి గుఱ్ఱు లేదు. ఏ హెచ్చరికయు లేదు. మోతి మెఱుపువలె తిరిగి కూన మొగమును కఱచెను. కూన కీచుమని అఱచెను. బాలుడు పరుగున వచ్చి రెండింటి నడుమ చేయి దూర్చెను. అతని మణికట్టుపై పంటిగాటు పడెను. కూనకు కంటికి పైన అంగుళమంత చర్మము చీరుకొనిపోయి నెత్తురు కాఱుచుండెను. ఇంకొక నూలుపోగంత దిగువను పన్ను దిగియున్నచో కన్ను పోయెడిదే.

తాత తొందరపడలేదు. మనుమని చేతిని కుళాయిధార క్రింద పట్టి, సబ్బుతో పావుగంట సేపు కడిగించి, ఆ పూటయే ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి టీకా వేయించెను. కఱచినది ఇంటికుక్కయే కదా యని ఉపేక్షించుట తగదు. పిచ్చికుక్కకాటు వ్యాధి లక్షణములు పైకి కనబడిన తరువాత దానికి మందు లేదనియే చెప్పవలయును. ముందుగా వేయించుకొన్న టీకా మాత్రమే ప్రాణము నిలుపును. ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు తొలుత ఆ టీకా వేయించినప్పటి నుండి అది అసంఖ్యాకులను కాపాడుచునే యున్నది.

ఆ రాత్రి ఇంటిలో దీర్ఘమైన చర్చ జరిగెను. "మోతిని ఇక ఉంచుకొనరాదు. ఏటి ఆవలి ఒడ్డున మా మేనమామగారి తోట యున్నది. వచ్చే ఆదివారము పడవ మీద పంపివేసెదను. అచ్చట గొలుసు వేసి కట్టిపెట్టెదరు," అని కుమారుడనెను. మనుమరాలు ఏడ్చెను. కోడలు మాటాడలేదు. ఆమెకు పశువులపాక తగులబడిన రాత్రి జ్ఞప్తికి వచ్చియుండును.

తాత కొంతసేపటికి ఇట్లనెను: "అబ్బాయీ, భారతము ఆదిపర్వములోని సరమ కథ నీకు చిన్నప్పుడు చెప్పియుంటిని. జనమేజయుడు యాగము చేయుచున్న చోటికి సరమ కొడుకు ఆడుకొనుచు వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికడకు పోయెను. సరమ వచ్చి, నా బిడ్డ హవిస్సును ముట్టలేదే, ఏ తప్పు చేసెనని కొట్టితిరి అని నిలదీసెను. అంత రాజకుటుంబములోను బదులు చెప్పగలవాడు లేకపోయెను. మోతి పది సంవత్సరములుగా ఎవరిని కఱవలేదు. ఇప్పుడెందులకు కఱచినదో నీకు తెలియదు, నాకును తెలియదు. తెలిసిన తరువాత పంపుదము. రేపు పశువుల ఆసుపత్రికి తీసికొనిపోవుదము."

"పడవవానికి మాట యిచ్చితిని, నాన్నా," అనెను కుమారుడు.

"ఆదివారమునకు ఇంకను ఆరు దినములున్నవి," అనెను తాత.

మరునాడు తాతయు మనుమడును రెండు కుక్కలను బండిలో నెక్కించుకొని పట్టణమునకు పోయిరి. పశువైద్యురాలు కూన గాయమును కడిగి రెండు కుట్లు వేసెను. పిమ్మట మోతిని చూచుటకు మొదలిడెను. ఆమె దాని నోటిని గాని దంతములను గాని ముందుగా చూడలేదు. గదిలో అటునిటు నడిపింపుమని చెప్పి దాని నడకను చూచెను. తరువాత మెడనుండి వెన్ను వెంబడి చేతితో నిమురుచు వచ్చి, తుంటి కీలు దగ్గఱ మెల్లగా నొక్కెను. మోతి ఒక్క ఉదుటున తల త్రిప్పి ఆమె చేతి వంక చూచి, పెదవులు నాకుకొనెను.

"తాతగారూ, ఇది అరుగు ఎక్కుచున్నదా?" అని ఆమె యడిగెను.

"మునుపు ఎక్కెడిదమ్మా. ఏడాదిగా క్రిందనే పండుకొనుచున్నది."

"రెండు తుంటి కీళ్లకును వాపున్నది. వయస్సువలన వచ్చినది. కూన దుముకునది సరిగా ఇచ్చటనే కదా?"

"ఔనమ్మా," అని బాలుడు తల వంచుకొనెను.

"కఱచుటకు ముందు గుఱ్ఱుమనలేదా?"

బాలుడు జరిగినదంతయు చెప్పెను. చీపురుదెబ్బల సంగతియు దాచలేదు. వైద్యురాలు కోపపడక, అతనిని బల్లమీద కూర్చుండబెట్టి చాలసేపు మాటాడెను. ఆ దినమున ఆసుపత్రిలో రద్దీ లేకపోవుట వారి అదృష్టము.

ఆమె చెప్పినదానిలో మొదటి సంగతి కూనలు కఱచుటను గుఱించి. కుక్కపిల్ల దుష్టత్వముచేత కఱవదు. దానికి నోరే చేయి. మూడవ వారము మొదలుకొని దానికి పాలపండ్లు వచ్చును. అవి మొత్తము ఇరువదియెనిమిది, సూదులవలె నుండును. నాలుగవ నెల మొదలు ఆరేడు నెలల వఱకు అవి రాలి, వాని స్థానమున నలువదిరెండు స్థిరదంతములు వచ్చును. ఆ కాలమున చిగుళ్లు దురదపెట్టుటచే అది కనబడినదెల్ల కొఱుకును. ఇక ఎంత గట్టిగా కఱచినచో ఎదుటివానికి నొప్పి కలుగునో దానికి పుట్టుకతో తెలియదు. ఆ చదువు తోబుట్టువుల నడుమ జరుగును. ఒక కూన గట్టిగా కఱచినచో రెండవది కీచుమని అఱచి ఆట మానివేయును. కఱచిన కూనకు ఆడుకొనుటకు తోడు లేకపోవును. తల్లి కూడ పాలిచ్చునపుడు పన్ను దిగినచో లేచి పోవును. ఇట్లు వందసార్లు జరిగిన మీదట కూన తన దవడను అదుపులో నుంచుకొన నేర్చుకొనును. అందుచేతనే కూనను ఎనిమిది వారములు నిండక ముందు తల్లినుండి వేఱుచేయరాదని పశువైద్యులు చెప్పుదురు.

అమెరికా దేశమున మెయిన్ రాష్ట్రమందలి బార్ హార్బర్ అను ఊరిలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పెంచి పరిశీలించి, 1965వ సంవత్సరమున ఒక గ్రంథము ప్రకటించిరి. సుమారు మూడవ వారమునుండి పండ్రెండవ వారము వఱకు గల కాలము కుక్కపిల్ల తోడి కుక్కలతోను మనుష్యులతోను మెలగుట నేర్చుకొనుటకు మిక్కిలి ముఖ్యమైనదని వారు తేల్చిరి. బుజ్జికి ఆ కాలములో తల్లియు లేదు, తోబుట్టువులును లేరు. దానికి చదువు చెప్పవలసినవాడు ఒక్క మోతియే.

"అట్లయిన మోతి గుఱ్ఱుమనుట పాఠము చెప్పుటయా?" అని బాలుడు ఆశ్చర్యముతో అడిగెను.

"ఔను బాబూ. 'చాలు, ఇక ఆపుము' అని చెప్పుటకు దానికి వేఱు మాట లేదు. మొదట మొగము త్రిప్పుకొన్నది. కూనకు అర్థము కాలేదు. లేచి పోయినది, కూన వెంట వచ్చినది. అప్పుడు గొంతెత్తి చెప్పినది. మీరు ఆ గొంతు నొక్కివేసితిరి. దాని నొప్పి మాత్రము తగ్గలేదు. గుఱ్ఱుమనినచో దెబ్బలు, ఊరకున్నచో కూన పండ్లు. పాఱిపోవుటకు దారి లేనిచోట చిక్కుకొన్నప్పుడు దానికి మిగిలినది కాటు ఒక్కటే."

తాత మోతి తలపై చేయి వేసి చాలసేపు ఊరకుండెను.

రెండవ సంగతి, ఆటకును పోట్లాటకును గల భేదమును గుర్తించుట. ఇది చూపునకు తేలిక గాదు. ఏలయన రెండింటను గుఱ్ఱుమనుటయు, పండ్లు చూపుటయు, కఱచుటయు ఉండును. ఐనను కుక్కలకు ఆ భేదము స్పష్టముగా తెలియును. ఆంగ్ల శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ మనుష్యుల, జంతువుల భావప్రకటనను గుఱించి 1872వ సంవత్సరమున వ్రాసిన గ్రంథములో తన పెంపుడు కుక్కను వర్ణించెను. అది ఆటలో ఆయన చేయి కఱచుచు గుఱ్ఱుమనెడిదట. మెల్లగా నని ఆయన హెచ్చరించినచో, కఱచుట మానకయే తోక నాలుగుసార్లు ఆడించి, ఇది వేడుకయే సుమా అన్నట్లు సమాధానమిచ్చెడిదట.

ఆటకు పిలుచు కుక్క ముంగాళ్లు నేలకు చాచి, ఱొమ్ము వంచి, పిఱుదులు పైకెత్తి నిలుచును. చూచువారికి అది నమస్కారము చేయుచున్నట్లుండును. మార్క్ బెకాఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ వంగుటను బహుకాలము పరిశీలించి 1995వ సంవత్సరమున ఒక విశేషమును తెలిపెను. కుక్కలు ఆట మొదలుపెట్టునపుడే గాక, ఆట నడుమ గట్టిగా కఱచి తల విదిలించుటకు కొంచెము ముందు గాని వెనుక గాని మరల వంగుచుండును. అపార్థము కలుగగల చోట 'ఇదియు ఆటయే' అని జ్ఞాపకము చేయుట యన్నమాట. మనుష్యులు పరిహాసమాడి, ఎదుటివాని మొగము చిన్నబోగానే భుజము తట్టుట వంటిదే ఇది.

నిజమైన ఆటలో ఒడలు సడలియుండును. కదలికలు వంకర టింకరలుగా, అవసరమునకు మించి పెద్దవిగా నుండును. నోరు వదులుగా తెఱచియుండును. తఱిమినది కొంతసేపటికి తానే తఱుమబడును. పెద్దది తనంత తాను క్రిందపడి చిన్నదానికి గెలుపునిచ్చును. నడుమ నడుమ రెండును ఆగి, ఒడలు విదిలించుకొని, వగర్చి, మరల మొదలిడును. ఆట చెడునపుడు ఇవి యన్నియు మాఱిపోవును. ఒడలు కఱ్ఱవలె బిగియును. నోరు మూసికొనును. తోక నిలువుగా బిగిసి గాని కాళ్ల నడుమకు ముడిచి గాని యుండును. కంటితెలుపు ప్రక్కనుండి కానవచ్చును. ఒకటే తఱుమును, రెండవది ఎల్లప్పుడు పాఱిపోవును. అన్నిటికంటె అపాయకరమైనది నిశ్చలత. కదలక మెదలక ఒకే చూపు నిలిపిన కుక్కను చూచినచో ఉపేక్ష చేయరాదు.

సందేహము కలిగినపుడు చేయదగిన చిన్న పరీక్ష కూడ వైద్యురాలు చెప్పెను. అల్లరి చేయుచున్నదానిని ఒక నిమిషము పట్టుకొనవలయును. రెండవది తిరిగి దానికడకు వచ్చి ఆటకు పిలిచినచో, అది ఇష్టముతోనే ఆడుచున్నదని అర్థము. నీడకు పోయి పండుకొన్నచో ఆనాటి ఆట ముగిసినదని గ్రహింపవలెను.

"ఇక మోతిని కట్టివేయవలయునా అమ్మా?" అని తాత యడిగెను.

"కట్టవలసినది దానిని గాదు తాతగారూ, కూనను. పెద్దదానికి ఎచ్చటికైనను పోవుటకు దారి యుండవలయును. చిన్నదానికి హద్దుండవలయును," అని ఆమె మోతికి కీళ్లనొప్పి మందు వ్రాసియిచ్చెను. ఇంటిలో మనుష్యులు మ్రింగు నొప్పిమాత్రలు కుక్కకు వేయరాదనియు, అవి దాని కడుపును, మూత్రపిండములను, కాలేయమును చెఱచి ప్రాణము తీయగలవనియు గట్టిగా చెప్పెను. కూనకు మూడు నెలలు నిండగానే పిచ్చికుక్కకాటు టీకాకు తీసికొనిరమ్మనెను.

ఇంటికి వచ్చిన తరువాత తాత స్వయముగా తాటాకు తడికలు రెండు కట్టి పంచలో ఒక మూల దొడ్డివలె చేసెను. అది బుజ్జి పడకటిల్లు. కుక్కపిల్లకు దినమునకు పదునెనిమిది గంటలకు తక్కువ గాని నిద్ర కావలయును. నిద్ర చాలని కూన, నిద్ర చాలని పసిబిడ్డవలెనే, పెంకితనము చేయును. అప్పుడే కాట్లు హెచ్చును. ఈ ఒక్క సంగతి తెలియక పిల్లలు బడినుండి రాగానే దానిని లేపి, చీకటి పడు వఱకు ఆడించుచుండిరి. ఇకమీదట అది పండుకొన్నపుడు లేపరాదని తాత కట్టడి చేసెను. మనుమరాలికి ఈ కట్టడి పాటించుట అన్నిటికంటె కష్టమయ్యెను.

మోతికి వీథిపంచలో చెమ్మ తగులని చోట రెండు గోనెసంచులు మడిచి పఱచిరి. అచ్చటికి బుజ్జి పోరాదు. మంచము క్రింది బస్తాలను తీసివేసి రెండు వైపుల దారి చేసిరి. అన్నము వేఱు వేఱు చోట్ల, నడుమ తలుపు వేసి పెట్టసాగిరి. ఉదయముననే బాలుడు రెండింటిని కాలువగట్టున నడిపించెడివాడు. మోతి తన యిచ్చవచ్చినట్లు నెమ్మదిగా, బుజ్జి మెడకు పలుచని త్రాడుతో. నడచి వచ్చిన కూనకు దుముకు వేగము కొంత తగ్గెడిది. అటు పిమ్మటనే పెరటిలో ఆట. అదియు పది నిమిషములే. ఆట వేడెక్కక ముందే బాలుడు "బుజ్జీ!" అని పిలిచి, వచ్చినచో ఉడికించిన గ్రుడ్డు ముక్క నోట పెట్టెడివాడు. మొదటి రెండు దినములు అది రాలేదు. త్రాడు పట్టి లాగవలసి వచ్చెను. నాలుగవనాటికి పిలుపు వినగానే మోతి తోకను విడిచి పరుగెత్తుకొని వచ్చెను. గ్రుడ్డు రుచి అట్టిది.

కొఱుకుటకు దానికి వేఱొక వస్తువు కావలయును గదా! కోడలు పాత నూలుచీర చింపి, జడవలె అల్లి, కొనలు ముడివేసి, నీట తడిపి యిచ్చెను. చల్లని తడిగుడ్డ చిగుళ్లకు హాయి నిచ్చును. పోగులు ఊడి రాగానే కూన మ్రింగకుండ దానిని తీసివేసి క్రొత్తది చేయుచుండెను. వండిన మాంసపు ఎముకలు మాత్రము వేయలేదు. అవి పెళుసుగా విఱిగి గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును. ఎవరినైన పండ్లతో నొక్కినచో ఆ మనిషి కేకలు వేయక, చేయి లాగుకొని, లేచి పోవలయునని తాత నియమము పెట్టెను. తోబుట్టువులు చేయవలసిన పనిని ఇంటిల్లిపాదియు పంచుకొనిరి.

ఆదివారము వచ్చెను. పడవవాడు ఇంటిముందు నిలిచి పిలిచెను. కుమారుడు లోనికి పోయి చూడగా, మోతి గోనెసంచి మీద పండుకొని యుండెను. ఆ దినమే మొదటిసారి గిన్నెలోని అన్నమంతయు తినియుండెను. అతడు బయటికి వచ్చి, "కుక్క లేదు గాని, నూఱు కొబ్బరికాయలున్నవి, తీసికొనిపొమ్ము," అనెను.

అంతమాత్రమున అంతయు చక్కబడెనని తలపరాదు. మూడవ వారమున ఎవరో తలుపు వేయుట మఱచిరి. బుజ్జి మోతి గిన్నెలో మూతి పెట్టెను. రెండును పెనగులాడెను. ఈ మారు బాలుడు నడుమ చేయి పెట్టలేదు. దండెమునకు ప్రక్కనున్న ఇత్తడిపళ్లెమును గచ్చునేలపై దబ్బున పడవైచెను. ఆ చప్పుడునకు రెండును ఉలికిపడి విడిపోగానే నడుమ తడికను నిలిపెను. ఎవరికిని గాయము కాలేదు. ఆ సాయంకాలము రెండింటిని వేఱువేఱుగా ఉంచిరి. మరునాడు కాలువగట్టు నడకతో మరల మొదటినుండి మొదలిడిరి. పోట్లాడిన కుక్కలను వెంటనే ఎదురెదురుగా నిలిపి స్నేహము చేయింపజూచుట వెఱ్ఱితనము. వాని నెత్తురు చల్లాఱుటకు కొంత కాలము పట్టును.

కోడలికి మాత్రము గుఱ్ఱు వినగానే చీపురుమీదికి చేయి పోవుట వెంటనే మానలేదు. ఆమె దోసమేమియు లేదు. ఇంటిలో పెద్దది పసిదానిపై గొంతెత్తినచో పసిదాని పక్షము వహించుట తల్లులకు స్వభావము. తాత ఆమెతో, "అమ్మాయీ, గుఱ్ఱు వినబడగానే పొమ్ము, కాని మోతి దగ్గఱకు గాదు, బుజ్జి దగ్గఱకు. దానిని ఎత్తి దొడ్డిలో వేయుము, చాలును," అనెను. ఆమె అట్లే చేయసాగెను. కొన్నాళ్లకు ఆమెకే అర్థమయ్యెను: మోతి అకారణముగా ఎన్నడును గుఱ్ఱుమనదు. తుంటి మీదికి వచ్చినపుడు, నిద్ర చెఱచినపుడు, చెవి గట్టిగా పట్టినపుడు మాత్రమే.

మందువలన మోతి నడక కొంత కుదుటబడెను. వర్షకాలమున మాత్రము ఉదయము లేచునపుడు కాళ్లు బిగిసియుండెడివి. అట్టి దినములలో ఆట లేకుండ చేసి, బాలుడే బుజ్జిని తోటలో పరుగెత్తించెడివాడు. కూనకు ఐదవ నెల వచ్చుసరికి గచ్చుమీద చిన్న పాలపన్ను ఒకటి దొరకెను. మనుమరాలు దానిని అగ్గిపెట్టెలో దాచుకొని బడిలో అందఱకును చూపెను.

కుక్కపిల్ల కొంత పెరుగు వఱకు పెద్దకుక్కలు సాధారణముగా దాని అల్లరిని ఓర్చుకొనును. పిమ్మట ఆ ఓర్పు తగ్గును. బుజ్జి విషయమునను అట్లే జరిగెను. ఆరవ నెలలో మోతి దానిని మునుపటికంటె త్వరగా అదలించుచుండెను. బుజ్జియు మునుపటికంటె త్వరగా వినుచుండెను.

ఒకనాటి మధ్యాహ్నము కోడలు వంటయింట బియ్యము ఏఱుచుండెను. పంచలోనుండి మోతి గుఱ్ఱు వినవచ్చెను. ఆమె చేయి ఒక్క క్షణము ఆగెను. తల వంచి తలుపు సందునుండి చూచెను. బుజ్జి ముంగాళ్లు చాచి, పిఱుదులెత్తి, మోతి గోనెసంచి అంచున నిలిచియుండెను. మరల ఒక గుఱ్ఱు వినబడెను. బుజ్జి మొగము ప్రక్కకు త్రిప్పుకొని, పెదవులు నాకుకొని, నాలుగడుగులు వెనుకకు వచ్చి, గుడ్డజడను నోట కఱచుకొని స్తంభము దాపున పండుకొనెను. మోతి తల దించి కన్నులు మూసికొనెను. కోడలు చేటలోని మట్టిగడ్డను తీసి ప్రక్కకు పాఱవైచి, మరల బియ్యము ఏఱుకొనసాగెను.